విత్తనానికి విందు వొద్దు

నిరుడు మృగశిర కార్తెకు ముందు మా యింట్లో చిన్న ప్రళయం వచ్చింది. కాలేజీకి సెలవులు కదా, టమాటా నారు నేనే పోస్తానని సూర్యాపేటలో మా వరండా నిండా కుండీలు పేర్చాను. బలం చాలదేమోనని మట్టికంటె పేడ యెరువే యెక్కువ పోశాను. వారం తిరిగేసరికి మొలకలు బారులు తీరాయి. ఇరుగుపొరుగును పిలిచి చూపించాను కూడాను! మరి నాలుగు రోజులకు తెల్లవారి చూద్దును గదా, సగం మొలకలు మొదట మెత్తబడి తలలు వాల్చేశాయి.

మా అమ్మ కుండీలో వేలుపెట్టి చూసి, "పాలు తాగే పిల్లకు పులిహోర పెట్టినవేందిరా?" అన్నది. నా యెం.ఏ. నోరు మూసుకున్నది.

శాస్త్రమంతా ఆ మాటలోనే వున్నది. విత్తనం తన చద్దిమూట తానే కట్టుకుని వస్తుంది. మొలకెత్తేందుకు దానికి కావలసినవి తడి, గాలి, వెచ్చదనం, అంతే. మాగని పేడలోని వేడీ, ఘాటూ లేతవేళ్లను కాలుస్తాయి. నీరు నిలిచే మట్టిలో పిథియం వంటి బూజులు పెరిగి కాడలను కుళ్లబెడతాయి. నారుకుళ్లు తెగులంటే యిదే.

అయితే యే మట్టి మంచిది? జల్లెడపట్టిన ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల యెరువు సమపాళ్లలో కలపండి. నల్లరేగడి వొద్దు, తడిస్తే బంక, ఆరితే పెంకు. మిర్యాలగూడ వారికి రైసుమిల్లుల వూక వున్నది. దాన్ని నల్లగా మాడ్చి ఇసుకకు బదులు కొంత కలిపితే మట్టి గుల్లబారుతుంది. తెల్లబూడిద అయ్యేదాకా కాల్చకండి. అందులో క్షారం యెక్కువ. కోదాడలో మా మిత్రులొకరు మట్టి జోలికే పోరు. రెండుపాళ్లు కొబ్బరిపొట్టుకు ఒకపాలు వానపాముల యెరువు కలుపుతారు. పొట్టులో ఉప్పుంటుంది గనుక ముందు రెండుమూడు నీళ్లలో కడుగుతారు.

యెరువు మాగిందో లేదో తెలిసేదెట్లా? గుప్పెడు తీసి వాసన చూడండి. తొలకరి మట్టివాసన వస్తే సరే. పేడకంపు వస్తే యింకా ఆగాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే కలిపిన మట్టిలో నాలుగు మెంతిగింజలు చల్లండి. అవి మొలిచి, వారందాకా నిటారుగా నిలిస్తే మీ మట్టి గెలిచినట్టే. కుండీకి అడుగున చిల్లి, వరండాలో మంచి వెలుతురు మాత్రం తప్పనిసరి.

ఈ యేడు మా నారు ఒక్కటీ వాలలేదు. నెలనాటికి పెరటి మడిలో నాటుతుంటే అమ్మ యెరువుగంప నా ముందు పెట్టి, నవ్వుతూ అన్నది: "ఇగ పెట్టు నీ పులిహోర!"