పాత పాటకు కొత్త మెఱుగు

పాత తెలుగు పాటలను యంత్రములతో శుద్ధిచేసి, జిగిగల అట్టపెట్టెలలో పెట్టి, విశేష సంపుటములని పేరిడి అమ్ముట నేడు మంచి బేరమైనది. పాతవానిని కాపాడవలదని ఎవరనగలరు? కాని శుద్ధి పేరిట పాటలోని తెలుగునే గీకివేయుచున్నారని నా అభియోగము.

ఈ మధ్య అట్టి సంపుటము నొకదానిని తెప్పించి వింటిని. కంపెనీ పేరుతో పనిలేదు. రికార్డు గరగర పోయినది, నిజమే. దానితోపాటు శకార షకారముల భేదమును పోయినది. ఖకారము కకారమైనది. ఇందు వింత లేదు. మహాప్రాణములోని ఊపిరియు, శ, ష, స లలోని ఒరపిడియు యంత్రమునకు గరగరవలెనే తోచును. తుడుపు హెచ్చైనచో అన్నియు కలిసి పోవును. పైగా మెల్లని స్వరమును గట్టి స్వరమును ఒకే మోతకు తెచ్చిరి.

బెజవాడవారి కిది చిన్న లోపము. వారి పిల్లలకు తెలుగు బడి యున్నది, వీధి యున్నది. మన తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినది. 2006 నాటి చట్టము బడులలో తమిళమును తరగతి వెంట తరగతిగా తప్పనిసరి చేసినది. తమిళము నేర్వవలసినదే, కాని ఆ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. ఘంటసాలవారి పేరే అందు కండసాల యగును! మన యిండ్లలో పిల్లల ఉచ్చారణకు పాటయే గురువు.

‘మాయాబజార్’ 1957లో మన చేరువనున్న మదరాసులోనే తయారైనది. 2010లో దానికి రంగులద్ది, ధ్వనిని నలుదిక్కుల వినబడునట్లు మార్చి విడుదల చేసిరి. జనులు సంతోషించిరి. అట్టివి పాతదానికి తోడుగా నుండవచ్చును గాని బదులు కారాదు. ఇంగ్లండులో బీటిల్స్ బృందమువారి రికార్డులను శుద్ధిచేసి 2009 సెప్టెంబరు 9న తెచ్చినపుడు స్టీరియో పెట్టె యొకటి, మోనో పెట్టె వేఱొకటి ఒకేనాడు అమ్మిరి. విన్నవాడే పోల్చుకొనును. మనకేల ఆ మర్యాద లేదు?

కుఱ్ఱవాండ్రు గరగర సహింపరందురు. గరగర తగ్గింపుడు, అక్షరమును తగ్గింపకుడు. పాత మోనో ధ్వనిని గూడ పెట్టెలో నుంచుడు. సాహిత్యమును తెలుగు లిపిలో అచ్చువేయుడు. నేను కొన్న పెట్టెలో నటుల బొమ్మలకు 24 పుటలు కేటాయించిరి. పాట వ్రాసిన కవి పేరు ఒక్కచోటను లేదు. మన సంఘము ఈ మాట కంపెనీలకు వ్రాతమూలకముగా తెలుపవలెనని కోరుచున్నాను.