గర్భస్థ బాలికా రక్షణము

గర్భస్రావమును గూర్చి ప్రసంగము వచ్చినంతనే, అది మతవిశ్వాసములకు సంబంధించిన వివాదమని తలంచి, విద్యావంతులు పలువురు ప్రక్కకు తొలగుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదు. శ్రుతిస్మృతులను గాని, బైబిలును గాని ప్రమాణముగా గొననివారును ఈ విషయమున కేవల తర్కబలముతో వాదించియున్నారు. అమెరికాలో పౌరస్వాతంత్ర్యములకై దీర్ఘకాలము కలము పట్టిన పత్రికారచయిత నాట్ హెంటాఫ్ నాస్తికుడు. అయినను గర్భస్థశిశువు ప్రాణము మానవహక్కులలో చేరినదేయని ఆయన నమ్మెను. డాన్ మార్క్విస్ అను తత్త్వశాస్త్రాచార్యుడు 1989లో ప్రకటించిన వ్యాసమున, హత్య తప్పగుటకు కారణము హతునకు భావిజీవితమంతయు నష్టమగుటయేయనియు, ఆ నష్టము గర్భస్థశిశువునకును సమానమేయనియు వాదించెను. దీనికి ప్రతివాదము లేకపోలేదు. శిశువునకు జీవించు హక్కు కలదని యొప్పుకొన్నను, అందువలన పరశరీరమును వాడుకొను హక్కు సిద్ధింపదని జూడిత్ జార్విస్ థామ్సన్ 1971లోనే వ్రాసియుండెను. వాదప్రతివాదములు రెండింటను బలము కలదు.

అదే 1971వ సంవత్సరమున మన పార్లమెంటు గర్భస్రావ చట్టమును చేసెను. మంత్రసానుల చేతులలోను, చాటుమాటు వైద్యుల చేతులలోను స్త్రీలు ప్రాణములు గోల్పోవుచుండుటయే ఆ చట్టమునకు ముఖ్యకారణము. దానిని రద్దు చేయవలెనని మేము కోరుట లేదు. కాని పైరెండు పక్షములవారును ఏకగ్రీవముగా ఖండింపదగిన దొకటి కలదు. గర్భముననున్నది ఆడపిల్లయని తెలిసినంతమాత్రమున, ఆ కారణముననే దానిని తొలగించుట యది. ఇందు తల్లి ఆరోగ్యము ప్రశ్న కాదు. శిశువు వ్యాధి ప్రశ్న కాదు. స్త్రీగా పుట్టబోవుటయే నేరము.

ఈ దురాచారముపై మన దేశమున జరిగిన పోరాటము మఠాధిపతులు నడపినది కాదు. లింగపరీక్షలు కూడదని ప్రభుత్వాసుపత్రులకు 1978లో ఉత్తరువులు వెలువడెను గాని ప్రైవేటు వైద్యులకు అవి వర్తింపలేదు. నేడు ఐదువందలు వెచ్చించినచో రేపు ఏబదివేలు మిగులునని బహిరంగముగా ప్రకటనలు చేసికొనినవారును ఉండిరి. బొంబాయిలో స్త్రీసంఘములవారు, వైద్యులు, న్యాయవాదులు కలిసి చేసిన ఆందోళన ఫలితముగా 1988లో మహారాష్ట్ర శాసనమును, 1994లో కేంద్రశాసనమును వచ్చినవి. శాసనము కాగితములకే పరిమితమైయుండగా, 2000లో సెహత్, మాసుం అను సంస్థలును, డాక్టరు సాబూ జార్జిగారును సుప్రీముకోర్టు నాశ్రయించిరి. వారి యత్నమువలన ప్రభుత్వములు కదలినవి. 2003లో చట్టము సవరింపబడెను. ఈ పోరాటమున ముందు నిలిచిన స్త్రీలలో పలువురు గర్భస్రావ హక్కును సమర్థించువారేయని మఱువరాదు.

జనాభా లెక్కలు ఏమి చెప్పుచున్నవి? ప్రకృతిసిద్ధముగా ప్రతి వేయిమంది బాలురకు ఇంచుమించు 950 మంది బాలికలు జన్మింతురు. ఆరేండ్లలోపు పిల్లలలో ఈ నిష్పత్తి దేశమంతటను 1991లో 945, 2001లో 927, 2011లో 918. పంజాబున 2001లో 798కి దిగజారెను. అది ఉత్తరదేశపు జాడ్యమని మనము తృప్తిపడుటకు వీలులేదు. అవిభక్త ఆంధ్రప్రదేశమున 1991లో 975 ఉండగా, 2001లో 961కిని, 2011లో 939కిని తగ్గెను. రోగము మన గడప దాటి లోనికి వచ్చినది.

శాసనమున బలము లేకపోలేదు. గర్భిణిని పరీక్షించిన ప్రతి సందర్భమును 'ఎఫ్' నమూనా పత్రమున వ్రాసియుంచవలెను. లింగమును మాటచేత గాని, సైగచేత గాని తెలుపరాదు. తప్పుచేసిన వైద్యునకు మూడేండ్ల కారాగారశిక్ష పడవచ్చును. లెక్కపత్రములలోని చిన్న పొరపాట్లకు తమను నేరస్థులుగా జూచుచున్నారని వైద్యసంఘములు మొఱపెట్టుకొనగా, ఆ పత్రములే నేరమును బయటపెట్టు సాధనములని 2019లో సుప్రీముకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చెను. ఇది న్యాయమే. మూసిన గదిలో ఇరువురి సమ్మతితో జరుగు నేరమునకు సాక్షి ఎక్కడనుండి వచ్చును?

అయినను కొనువారు లేనిదే అమ్మువారుండరు. ఆ కొనువారు ఎవరు? కేవలము నిరుపేదలు కారు. పొలముపుట్రలు గలవారు, పట్టణములలో ఉద్యోగములు గలవారు, అనగా ఈ పత్రికను చదువు మనవంటివారును. గురజాడవారి 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శింపబడిన నాడు పిల్ల నమ్ముకొను తండ్రులను జూచి లోకము నవ్వెను. నేడు శుల్కము వరునికి మారినది. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినను, కట్నము తగ్గలేదు. ఉమ్మడి యాస్తిలో అవివాహితలైన కుమార్తెలకు 1985 సవరణచే మన రాష్ట్రమున భాగము కలిగెను. 2005లో కేంద్రము దేశమంతటను కుమార్తెల కెల్లరకు హక్కు నిచ్చెను. కాని పసుపుకుంకుమల క్రింద కొంత ముట్టజెప్పి, హక్కు విడుదల పత్రముపై ఆడపడుచులచే సంతకము చేయించుకొను ఇండ్లెన్ని? ఆస్తిలో భాగము లేని బిడ్డ, కట్నము తీసికొనిపోవు బిడ్డ ఇంటికి భారముగా తోచుటలో వింత యేమున్నది? ఆ భారమును కల్పించినది మనమే.

ఒక హెచ్చరిక యవసరము. ఆడశిశువును రక్షింతుమను పేరుతో, చట్టసమ్మతమైన కారణమున ఆసుపత్రికి వచ్చిన స్త్రీని అనుమానించి వేధించుట తగదు. అట్లు వేధింపబడిన స్త్రీ తిరిగి నాటువైద్యుని గుమ్మమునే త్రొక్కును. చట్టము సైతము భర్తయో బంధువులో ఆమెను బలవంతపెట్టిరని ముందుగా భావించి, భిన్నముగా ఋజువైననే ఆమెను దోషిగా నెంచుచున్నది. శిక్ష వైద్యునిపైనను, పురికొల్పినవారిపైనను పడవలెను.

జిల్లా అధికారులు స్కానింగు కేంద్రముల తనిఖీని మ్రొక్కుబడిగా గాక, నిజముగా సాగింపవలెను. వైద్యసంఘములు దోషులైన సభ్యులను కాపాడుట మానవలెను. గృహస్థులు కుమార్తెకు న్యాయముగా రావలసిన భాగమును వ్రాసి యీయవలెను. కుమారునకు కట్నము గొనరాదు. ఇందు ఏ దైవముపైనను ఒట్టు పెట్టుకొన నక్కఱలేదు. స్త్రీపురుషులు సమానులని మన రాజ్యాంగము చాటినది. ఆ సమానత్వము పుట్టిన పిమ్మట మాత్రమే యారంభమగునని చెప్పి, పుట్టుకనే నిరాకరించుట రాజ్యాంగమును వెక్కిరించుటయే యగును.