తద్భవ రామాయణం

బ్యాంకాక్ చూసి వచ్చిన మనవారు తరచుగా అనే మాట ఒకటున్నది: "అక్కడంతా మనదేనండీ! రాజు పేరు రాముడు, గోడల మీద రామాయణం, విమానాశ్రయం పేరు సువర్ణభూమి." ఈ మాటలో గర్వమున్నది, కొంత నిజమూ ఉన్నది. కాని చూడవలసినదాన్ని చూడకుండానే చూపును ముగించే మాట ఇది అని నా అభిప్రాయం. 'మనదే' అనుకున్న తరువాత ఇక అక్కడ నిలబడి చూడవలసిన పని ఏమున్నది?

ఉద్యోగ విరమణ తరువాత, భుజాన ఒక సంచితో, ఒంటరిగా ఆ నగరంలో ఒక రోజంతా తిరిగాను. బృందంతో వెళ్ళినవారికి జెండా పట్టుకున్న మార్గదర్శి వెనుక నడవడమే సరిపోతుంది. ఒంటరివానికి ఆ తొందర లేదు. ఒక గోడ ముందు గంటసేపు నిలబడినా అడిగేవారుండరు. నేను బస చేసినది ఖావొసాన్ వీధికి చేరువలో. ఆ మాటకు బియ్యమని అర్థం. ఒకప్పుడది బియ్యపు అంగడి వీధి. ఇప్పుడు దేశదేశాల సంచీధారులకు విడిది. అక్కడినుండి రాజప్రాసాదానికి నడచి పోవచ్చును. దారిలో ఎవరైనా ఆపి, "ఈ రోజు ప్రాసాదం మూసివేశారు, మరొక చోటికి తీసుకుపోతాను" అంటే మాత్రం నమ్మకండి. అది అక్కడి పాత ఎత్తు.

బ్యాంకాక్ అని మనమంటాము గాని ఆ ఊరివారు దానిని క్రుంగ్ థెప్ అంటారు, దేవనగరమని అర్థం. పూర్తి పేరు చాలా పొడవైనది, పాళీ సంస్కృత పదాల సమాహారం. అందులో 'నోప్పరత్ రాచతానీ' అని వినబడేది నవరత్న రాజధాని. 'మహానకోన్' మహానగరం. చివర శక్రుడు ఇచ్చిన, విశ్వకర్మ నిర్మించిన నగరమని ముగుస్తుంది. తెలుగు పండితునికి ఈ పేరు వింటే చెవులు నిక్కపొడుచుకుంటాయి. అయితే 'మన మాటలను వారు పలుకలేక పాడుచేశారు' అనడం సరికాదు. తరగతి గదిలో ఏళ్ళ తరబడి ప్రకృతి వికృతులు చెప్పినవాడను. వికృతి అంటే వికారం కాదు. రాత్రి రాతిరి అయింది, పుస్తకం పొత్తమయింది. యాత్ర జాతర అయినప్పుడు పలుకే కాదు, అర్థమూ మారింది. ఆ జాతరను సంస్కృతానికి తిరిగి ఇచ్చివేయమని ఎవరూ మనను అడుగలేదు. తద్భవం పుట్టిన భాషకే సొంతం.

వారి 'రామకియన్' కూడ అటువంటి తద్భవమే. రామకీర్తి అన్న మాటకు వారి రూపమది. ప్రాసాద ప్రాంగణంలో, మరకత బుద్ధుని ఆలయం చుట్టూ ఉన్న మండపపు గోడల మీద ఆ కథను 178 ఘట్టాలుగా చిత్రించారు. ప్రదక్షిణంగా నడుస్తూ చదువుకోవలసిన కావ్యమది. అందులో సీత రావణుని కూతురు. హనుమంతుడు తెల్లని దేహంవాడు, బ్రహ్మచారి కాడు. సేతువును చెరపడానికి వచ్చిన రావణపుత్రిక, మత్స్యకన్య సువర్ణమత్స్యను వలచి కొడుకును కంటాడు. మనవారు కొందరు ఇక్కడ చెవులు మూసుకుంటారు. కాని మన మైరావణ కథలో హనుమంతుని చెమటబొట్టును చేప మింగగా మత్స్యవల్లభుడు పుట్టలేదా? ఆ కథ వాల్మీకంలో ఎక్కడున్నది? మైరావణుని బారినుండి రాముని కాపాడటానికి మన హనుమంతుడు తోకతో కోట కడతాడు. వారి హనుమంతుడు దేహం పెంచి రాముని విడిదిని నోటిలో దాచుకుంటాడు. ఊర్మిళాదేవి నిద్ర పాడుకున్న మన తల్లులు వాల్మీకిని అనుమతి అడిగారా?

ఆ గోడల ముందు నిలిచినప్పుడు మరువరాని సంగతి మరొకటున్నది. 1767లో బర్మా సేనలు అయుత్థయను, అంటే వారి అయోధ్యను, నేలమట్టం చేశాయి. నగరంతో పాటు గ్రంథాలెన్నో నశించాయి. 1782లో బ్యాంకాక్‌ను రాజధానిగా నెలకొల్పిన మొదటి రామరాజు, 1797లో రామకియన్‌ను కూర్పించాడు. కోట గోడలతో పాటు కథనూ తిరిగి కట్టుకున్నారన్నమాట. తమ అయోధ్యను పోగొట్టుకున్నవారు కూర్చుకున్న రామకథ అది. దానిని 'మన నకలు' అనడానికి నాకు నోరు రాదు.

అక్కడికి సమీపంలోనే వాట్ ఫో. అందరూ 46 మీటర్ల శయన బుద్ధుని చూసి, 108 పాత్రలలో నాణేలు వేసి వెళ్ళిపోతారు. కాని ఆ ఆలయంలో 1831 నుండి 1841 వరకు మూడవ రామరాజు చెక్కించిన శాసనాలున్నాయి. మతం, వైద్యం, సాహిత్యం, చివరకు ఛందస్సు కూడ. వచ్చినవారెవరైనా చదువుకొమ్మని రాతిలో పెట్టిన విద్య. వీటిని యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఛందస్సును వారు 'చన్' అంటారు. యతిప్రాసలు బోధించి జీవించిన నావంటివానికి ఆ రాళ్ళు బంగారు బుద్ధునికంటె తక్కువ అనిపించలేదు.

సాయంత్రం పడవలో నది దాటితే వాట్ అరుణ్, అరుణుని పేరిట వెలసిన ఆలయం. గోపురమంతా చీనా పింగాణీ ముక్కలతో పొదిగిన పూలే. ఉపోసథశాల వాకిట ఇద్దరు యక్షులు కావలి కాస్తారు. ఒకడు తెల్లనివాడు, సహస్రతేజుడు. రెండవవాడు పచ్చనివాడు, 'తొత్సకాన్'. అనగా దశకంఠుడు. మనము దసరాకు దహనం చూసే రావణుడు అక్కడ బుద్ధుని గుమ్మం కాస్తున్నాడు.

గర్వపడవద్దని నేననడం లేదు. కృష్ణాతీరపు అమరావతి శిల్పుల చేతివాటం ద్వారవతి బుద్ధప్రతిమల దాకా నడిచిందని కళాచరిత్రకారులు చెబుతున్నారు. సంతోషమే. కాని పంపినవారి గొప్పతో పాటు, అందుకొని పెంచుకున్నవారి గొప్పను కూడ చెప్పుకోవడం మర్యాద. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళేటట్లయితే, వెళ్ళేముందు మైరావణ కథ ఒకసారి చదువుకొనండి. ఆ మండపానికి ఒక పూట కేటాయించండి. మన రామాయణంతో కలిసినచోట తల ఊపడం ఎవరికైనా వచ్చును. కలవని చోటనే ఎక్కువసేపు నిలబడండి.