సంతానం హక్కు మన మీద ఉన్న రుణం

గత నెల నారాయణఖేడ్ వెళ్లినప్పుడు టైరు పంక్చరై ఒక చిన్న దుకాణం ముందు ఆగవలసి వచ్చింది. పగలు పన్నెండు గంటల వేళ. చక్రం విప్పినవాడు తండ్రి. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతికినవాడు అతని కుమారుడు. వయసు పన్నెండేళ్లకు మించదు. ఆదివారం కాదు, సెలవు దినం కాదు. బడి మాట అడిగితే తండ్రి నొచ్చుకోలేదు. "చదివి ఏం జేస్తడు సాబ్? పని నేర్చుకుంటే రేపు వాని పొట్ట వాడు పోసుకుంటడు" అన్నాడు.

ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. బిడ్డ భుజం మీద చెయ్యి వేసే ఆ మాట అన్నాడు. అతని చేత ఆ మాట పలికించింది పేదరికపు భయం. దివ్య ఖుర్ఆన్ ఈ భయాన్నే పేరు పెట్టి ప్రస్తావించింది. దారిద్ర్యానికి వెరచి సంతానాన్ని చంపవద్దనీ, వారికీ మీకూ ఉపాధినిచ్చేది అల్లాహ్‌యేననీ బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయతు బోధిస్తుంది. ఆ ఆయతు ముందుగా నిషేధించింది శిశుహత్యను. అయితే అది మందలించిన భయం మాత్రం నేటికీ మన ఇళ్లలో కాపురం ఉంది. నాడు అది బిడ్డ ప్రాణాన్ని తీసింది, నేడు బిడ్డ చేతిలోని పలకను లాక్కుంటున్నది.

భయానికి కారణాలు లేకపోలేదు. నారాయణఖేడ్ కర్ణాటక సరిహద్దును ఆనుకున్న ప్రాంతం. వర్షం మీద ఆధారపడిన సేద్యం. పంట చేతికి రాని ఏడాది తండాల నుంచీ పల్లెల నుంచీ కుటుంబాలు చెరకు నరకడానికీ, హైదరాబాదులో కూలికీ తరలిపోవడం ఇక్కడ తరాలుగా ఉన్నదే. భూమి లేని ముస్లిం కుటుంబాలకు చేతిపని, చిల్లర వ్యాపారమే ఆధారం. పెద్దలు వలస వెళితే పిల్లల చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

కానీ పేదరికం బాధ్యతను మాఫీ చేస్తుందా? బద్ర్ యుద్ధానంతర ఘటన మనకు తెలియనిది కాదు. మదీనా సమాజం అప్పటికి సంపన్నమేమీ కాదు. ఖైదీల నుంచి వచ్చే పరిహారధనం వారికి ఎంతో అక్కరకు వచ్చేది. అయినా ధనం ఇచ్చుకోలేని, చదువు వచ్చిన ఖైదీలు పదేసి మంది పిల్లలకు రాయడం చదవడం నేర్పితే చాలునని దైవప్రవక్త (స) అంగీకరించారు. ఆకలి తీరిన తరువాత చదువు సంగతి చూద్దామని ఆయన (స) అనలేదు.

మన చట్టమూ ఈ బాధ్యతను తల్లిదండ్రుల మీదే ఉంచింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల బిడ్డకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ(కె) అధికరణం చెబుతున్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, కుటుంబపు పనిలో బిడ్డ బడి వేళల తరువాతా సెలవుల్లోనూ సాయపడవచ్చునన్నది. పన్నెండు గంటల పగటివేళ నీళ్ల తొట్టి దగ్గర కూర్చోవచ్చునని అనలేదు.

ఇక ఆ అబ్బాయి సంగతి. ఆరో తరగతిలో చేర్చడానికి వెళితే కాగితాలు సరిగా లేవన్నారట. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు. జనన ధృవపత్రం అసలే లేదు. రెండు మూడు సార్లు తిరిగి తండ్రి విసిగిపోయాడు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ప్రకారం, వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదు. ఆ మాట అతనికి చెప్పినవారు లేరు. తప్పిదం ఆ పాఠశాలది. మరి కాగితం లేకపోవడం ఎవరి తప్పిదం?

ఏడో రోజు అఖీఖా చేస్తాం. మేకను జబహ్ చేస్తాం, బంధువులను పిలుస్తాం, మంచి పేరు పెడతాం. ఆ పేరును ఇరవై ఒక్క రోజుల్లోగా రుసుము లేకుండా నమోదు చేయించవచ్చునన్న సంగతి మరచిపోతాం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు అధికారం గల అధికారి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి ప్రవేశం మొదలు ఓటరు జాబితా వరకు జనన ధృవపత్రమే ఆధారం. పౌరసత్వపు కాగితాల మీద ఇంత కలవరం రేగిన దేశంలో ఈ నిర్లక్ష్యం ఆత్మహత్యాసదృశం. హజ్రత్ ఉమర్ (రజి) తొలుత పాలు మాన్పిన పిల్లలకే భృతి ఇచ్చేవారనీ, భృతి కోసం ఒక తల్లి తొందరపడి బిడ్డకు పాలు మాన్పిస్తున్నదని తెలిసి చలించి, పుట్టిన నాటి నుంచే ప్రతి శిశువు పేరు పట్టికలో చేర్చమన్నారనీ చరిత్రకారులు రాశారు. పుట్టగానే లెక్కలో ఉండడం బిడ్డ హక్కు అని ఆ ఖలీఫా గ్రహించారు.

కుమార్తెల విషయంలో మన లెక్కలు మరీ దారుణం. కుమారుణ్ణి ప్రైవేటు బడికి పంపి, కుమార్తెను ఏడో తరగతితో ఆపే ఇళ్లు మనలో ఎన్ని! నూమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఒక్క కుమారునికే కానుక ఇచ్చి సాక్ష్యం కోరితే, మిగతా పిల్లలకూ అంతే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగా ఆ అన్యాయానికి సాక్షిగా ఉండనన్నారు. ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి)కు ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను ఆయన (స) రద్దు చేశారు. ఆమె ఇష్టపడకపోవడమే అందుకు చాలిన కారణమైంది. షాదీ ముబారక్ సాయం కోసం కుమార్తెకు పద్దెనిమిదేళ్లు ఎప్పుడు నిండుతాయా అని వేళ్లు లెక్కపెట్టే తండ్రులు, ఆ ఏళ్లలో ఆమె ఎన్ని తరగతులు చదివిందో కూడా లెక్కపెట్టాలి. అంతకు ముందే పెళ్లి చేసి వయసు దిద్దేవారి గురించి మాట్లాడటానికి కూడా సిగ్గుగా ఉంది.

ప్రభుత్వాలను వదిలిపెడుతున్నామని ఎవరూ అనుకోవద్దు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అటువంటి సమాజానికి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. పేద తండ్రి భయాన్ని రెట్టింపు చేసిన నిర్ణయమది. తెలంగాణలో మంజూరైన 204 మైనారిటీ గురుకులాలు మాత్రం నిజమైన ఆసరా. అద్దె భవనాల ఇరుకు నుంచి వాటిని బయటపడేయాలని మనం అడుగుతూనే ఉండాలి. అడగడానికి ముందు మన పిల్లలను అక్కడ చేర్పించాలి.

మస్జిద్ కమిటీలు జుమా నమాజు తరువాత ఒక బల్ల వేసి, చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెడితే జనన నమోదు దరఖాస్తులూ, పేరు సవరణలూ, గురుకుల ప్రవేశ దరఖాస్తులూ అక్కడే పూర్తవుతాయి. పైకప్పుకు పాలరాయి అతికించేంత ఖర్చు కూడా కాదు.

ట్యూబు అతికి చక్రం బిగించాక డబ్బులు ఇస్తూ 14వ సెక్షన్ సంగతి ఆ తండ్రికి చెప్పాను. అతను చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ సంచిలో మడిచిపెట్టిన ఆధార్ కార్డు తెచ్చి చూపించాడు. "ఈ పేరు సరిచేయాల్నంటే ఏ ఆఫీసుకు పోవాలె సాబ్?" అని అడిగాడు. అబ్బాయి తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.