బాప్తిస్మం దగ్గర అడగని ప్రశ్న

మొన్న క్లాసు అయిపోయాక ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఆగింది. డిగ్రీ చివరి ఏడాది, గ్రూప్స్‌కి చదువుకుంటోంది. నోట్స్ కోసం వచ్చిందనుకున్నాను. లోపల ఇంకెవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది. "మేడమ్, ఈ ఈస్టర్‌కి బాప్తిస్మం తీసుకోమని అమ్మ గొడవ. ఉద్యోగం వచ్చేదాకా ఆ మాటే ఎత్తొద్దని నాన్న. మీరేమంటారు?"

ఆలోచించి చెప్తానన్నాను. వారమైంది. తను ఈ పోస్టులు చదువుతుందని తెలుసు కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నాను. పోయిన భాగంలో వాడ శ్మశానాల గురించి రాశాను. ఇది, బతికుండగానే మనిషిని సమాధి చేసి లేపే ఒక ఆచారం గురించి.

ఆ ప్రశ్న మా ఇంట్లో చాలా పాతది. మా నాన్న సర్కారు బడిలో టీచరు. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేవాడు. పాటలు పాడేవాడు, కానుక వేసేవాడు. నెలకోసారి ప్రభువు బల్ల ఉండేది. బాప్తిస్మం పొందినవాళ్లందరూ లేచి ముందుకు వెళ్లి రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాళ్లు. నాన్న వెనక బెంచీలోనే కూర్చునేవాడు. "నాన్నెందుకు వెళ్లడు?" అని చిన్నప్పుడు అడిగితే అమ్మ నోరు మూయించింది. రిటైరైన నెల తిరక్కుండానే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మతో ఒక్క మాటన్నాడు. "ఇన్నేళ్లూ దొంగలా కూర్చున్నా."

మా నాన్నని దొంగలా కూర్చోబెట్టింది ఎవరు? ఆ సంగతి తేలాలంటే ముందు బాప్తిస్మం అంటే ఏంటో తెలియాలి.

గ్రీకులో ఆ మాటకి ముంచడం అని అర్థం. కథోలికులు జ్ఞానస్నానం అంటారు. వాళ్లూ లూథరన్లూ పసిపిల్లలకి కూడా ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు మనిషికి ఊహ తెలిసి, తానే ఒప్పుకున్నాక నిండా ముంచుతారు. తల మీద నీళ్లు పోయాలా, ముంచాలా అని సంఘాలు శతాబ్దాలుగా వాదులాడుకుంటూనే ఉన్నాయి. ఎలా ఇచ్చినా అర్థం మాత్రం ఒకటే. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు దాన్ని సమాధితో పోల్చాడు. మునిగితే పాత మనిషి చనిపోయినట్టు, పైకి లేస్తే క్రీస్తుతో కూడా కొత్త మనిషి లేచినట్టు. అంటే రెండో పుట్టుక.

తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఇక్కడ నాకు ఒక మాట గుర్తొస్తుంది. ద్విజుడు. రెండుసార్లు పుట్టినవాడు. మన దేశంలో రెండోసారి పుట్టే హక్కు జంధ్యం వేసుకునే వర్ణాలకే ఉండేది. శూద్రుడికి లేదు. అంటరానివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి పుట్టుకే వాడి జీవితఖైదు. అలాంటి నేల మీదికి ఒక మతం వచ్చి, ఎవరైనా రెండోసారి పుట్టొచ్చు, అందుకు నీళ్లు చాలు అంది. ఆ మాట మాదిగ చెవిలో ఎలా పడి ఉంటుందో ఒకసారి ఊహించండి.

పుట్టుక మీద ఈ తిరుగుబాటు ఎవరో తర్వాత అతికించిన అర్థం కాదు. లూకా సువార్త 3వ అధ్యాయం తీయండి. యొర్దాను నది దగ్గర యోహాను బాప్తిస్మం ఇస్తున్నాడు. మేం అబ్రాహాము వంశం వాళ్లమని చెప్పుకునేవాళ్లని ముందే ఆపేశాడు. దేవుడు తలుచుకుంటే ఈ రాళ్లనే అబ్రాహాముకి పిల్లల్ని చేస్తాడన్నాడు. మరి మేమేం చెయ్యాలని జనం అడిగితే ప్రార్థన నేర్పలేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. పన్ను వసూలు చేసేవాళ్లని ఎక్కువ గుంజొద్దన్నాడు. సైనికుల్ని బెదిరించి డబ్బు లాక్కోవద్దన్నాడు. నీ పెత్తనం నువ్వు వదులుకో, అప్పుడు నీళ్లలోకి దిగు. లెక్క అదీ.

గలతీయులకు రాసిన పత్రిక ఇంకా సూటిగా ఉంటుంది. బాప్తిస్మం పొందినవాళ్లలో యూదుడని, గ్రీకువాడని, దాసుడని, స్వతంత్రుడని, మగ అని, ఆడ అని తేడా లేదనే పౌలు మాట 3వ అధ్యాయంలో ఉంది. మన పాస్టర్లు తరచూ చెప్పే మాటే. దానికి ముందు 2వ అధ్యాయంలో ఏం జరిగిందో మాత్రం చాలామంది దాటేస్తారు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి తనవాళ్లు కొందరు రాగానే భయపడి ఆ పంక్తిలోంచి లేచిపోయాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. బాప్తిస్మంలో తేడాల్లేవన్న మాట ఆ గొడవ చెప్పిన పత్రికలోనే ఉంది. కలిసి తినడం దగ్గర మొదలైన తగాదా అది. సహపంక్తి అంటే ఏంటో మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు ఒంగోలు దగ్గరికి రండి. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వే పని తీసుకుని మన జనానికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం ఆగేదాకా ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. ఆ రోజు క్లౌ నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా మార్చుకుంటూ పొద్దుగూకేదాకా ఇచ్చారు.

"బియ్యం కోసం మతం మారారు" అని మనల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. బియ్యం ఇచ్చినన్నాళ్లూ బాప్తిస్మం ఇవ్వలేదు. బియ్యం ఆగాక కూడా జనం నదికి నడిచి వచ్చారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, వాదనలో పనికొస్తుంది.

నాకు అంకెకంటే ఆ చేతులు ముఖ్యం. ఊరి బావి దగ్గర గిరక ముట్టుకోనివ్వరు. నీళ్లు పైనుంచి దోసిట్లో పోస్తే తాగాలి. అలాంటి మనిషిని పట్టపగలు, అందరూ చూస్తుండగా ఇంకో మనిషి నడుం దగ్గర పట్టుకుని, తల మీద చెయ్యి వేసి, పేరు పెట్టి పిలిచి, నడి నదిలో ముంచి లేపాడు. అంటరానితనాన్ని దాటడం అంటే ఒళ్లు ఒళ్లునీ నీళ్లనీ తాకడమే. ఆ 2,222 మందికి పౌలు వేదాంతం ఎంత తెలుసో నాకు తెలియదు. ఆ తాకిడి అర్థం మాత్రం తెలిసే ఉంటుంది.

మరి పుట్టుక మారిందా?

అదే ప్రకాశం జిల్లా, 107 ఏళ్ల తర్వాత. 1985 జులై, కారంచేడు. మాదిగలు తాగే చెరువు నీళ్లని గేదెల కుడితితో పాడుచేస్తుంటే అడ్డు చెప్పారు. నీళ్ల కోసం బిందెతో వచ్చిన సువార్త ఎదురు నిలబడింది. మర్నాడు ఊరు వాడ మీద పడింది. ఆరుగురిని చంపారు. హతుల పేర్లలో మోషే ఉంది. అడ్డం నిలబడిన ఆమె పేరు సువార్త. కొట్టినవాళ్లు ఆ పేర్లని చూసి కులం పోయిందని ఆగలేదు.

అదే 1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పు ఇచ్చింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. చెప్పులు కుట్టేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బంకు క్రైస్తవుడు కాబట్టి అతనికి రాదన్నారు. క్రైస్తవంలోకి వెళ్లాక కూడా వివక్ష అదే తీవ్రతతో ఉందని రుజువు చూపాలని కోర్టు కేసు కొట్టేసింది. కారంచేడు నెత్తురు ఆరకముందే ఈ దేశంలో రుజువు అడిగారు.

దీనంతటికీ మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, 3వ పేరా. హిందువులు మాత్రమే ఎస్సీలు అంది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీని బీసీ-సీలో పెట్టారు, ఒక్క శాతం. అట్రాసిటీ చట్టం కూడా వర్తించదు. కులం పేరుతో తిట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసుని 2025లో మన హైకోర్టు ఇదే కారణంతో కొట్టేసింది. తిట్టినవాడికి ఆయన కులం గుర్తుంది. చట్టానికే గుర్తులేదు. తిరిగి హిందువునని చెప్పుకుని, కులంవాళ్లు ఒప్పుకుంటే మాత్రం ఎస్సీ హోదా మళ్లీ వస్తుందని 2015లో సుప్రీంకోర్టే చెప్పింది. వెళ్లేటప్పుడు నీళ్లలో కరిగిపోయే కులం, వెనక్కి వచ్చేటప్పుడు గడప దగ్గర ఎదురుచూస్తూ ఉంటుందన్నమాట.

మా నాన్నని వెనక బెంచీలో కూర్చోబెట్టింది ఈ పేరా. అది సగమే. మిగతా సగం చర్చిది.

తెలుగు నేల మీద కమ్మ, రెడ్డి కథోలికులు మూడు వందల ఏళ్లుగా ఉన్నారు. వాళ్లు బాప్తిస్మం పొందారు, కులం పోగొట్టుకోలేదు. పెళ్లిళ్ల ప్రకటనల్లో క్రైస్తవ అని రాసి పక్కనే కులం రాస్తారు. ఒక తెలుగు దళితుడు కార్డినల్ కావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. దేశంలోనే మొదటి దళిత కార్డినల్ ఆయన. మనం మాత్రం తక్కువ తిన్నామా? మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నవాళ్లం సంబంధం మాట రాగానే మళ్లీ మాలలం, మాదిగలం అయిపోతాం. పేతురు పంక్తిలోంచి లేచినట్టు మనమూ లేస్తాం. పౌలులా నిలదీసేవాళ్లే లేరు.

బాప్తిస్మం ఇచ్చేముందు ప్రశ్నలు అడుగుతారు. యేసుక్రీస్తుని నీ రక్షకుడిగా ఒప్పుకుంటున్నావా? సాతాను క్రియలని విడిచిపెడుతున్నావా? నేను చూసిన ఏ బాప్తిస్మంలోనూ "కులాన్ని విడిచిపెడుతున్నావా?" అని అడగలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించాడు. మనుషులందరూ సమానమని నమ్ముతానని, సమానత్వం కోసం పనిచేస్తానని అందులో ఉన్నాయి. మతం మారే క్షణంలోనే ఆ మాట నోటితో అనిపించాడు. భారతదేశంలో క్రైస్తవం కులం మీద పోరాడలేదని ఆయన పెట్టిన అభియోగానికి చర్చి ఇప్పటికీ జవాబు బాకీ ఉంది.

కాబట్టి నా మాట ఇది. బాప్తిస్మం పుట్టుక పెత్తనం చెల్లదని పదిమంది ముందు చేసే ప్రమాణం. యోహాను దాన్ని అలాగే ఇచ్చాడు, పౌలు అలాగే చెప్పాడు, గుండ్లకమ్మలో మనవాళ్లు అలాగే తీసుకున్నారు. ఆ ప్రమాణాన్ని చట్టం శిక్షగా మార్చింది. చర్చి సభ్యత్వ పుస్తకంలో అంకెగా మార్చింది. రెండింటినీ ఒకేసారి అడగాలి. 3వ పేరా తీసేయమని ప్రభుత్వాన్ని అడగాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతంతో ముడి తెంచమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023లో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. కాగితాలు పేరుకున్నాయి, పేరా అలాగే ఉంది. అలాగే కులం ప్రశ్న చేర్చమని చర్చిని అడగాలి. అది మాదిగ పిల్లకంటే ముందు కమ్మ, రెడ్డి విశ్వాసుల్ని అడగాల్సిన ప్రశ్న. మాలమాదిగలం మనల్ని మనం కూడా అడుక్కోవాలి.

ఇక నీకు, అమ్మా. తీసుకో అని గానీ వద్దని గానీ నేను చెప్పను. నీ హాల్‌టికెట్ మీద నాకు హక్కు లేదు, నీ విశ్వాసం మీద అసలే లేదు. రెండు మాటలు మాత్రం చెప్తాను. మీ నాన్నది పిరికితనం అనుకోకు. మూడు తరాల కష్టం ఒక్క సర్టిఫికెట్‌కి వేలాడుతుంటే భయపడని తండ్రి ఉండడు. ఇంకా ఆగితే నీ భక్తి తక్కువని ఎవరైనా అంటే, యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగని గుర్తుచెయ్యి. అతనికి బాప్తిస్మం ఎవరిచ్చారు? అయినా పరదైసు దొరికింది. తీసుకునే రోజు వస్తే మాత్రం మీ పాస్టర్‌ని ఆ ప్రశ్న అడగమను. అడక్కపోతే నువ్వే గట్టిగా, అందరికీ వినపడేలా జవాబు చెప్పి అప్పుడు నీళ్లలోకి దిగు.

మా నాన్న ఇప్పుడు బల్ల రోజున ముందు వరసలో కూర్చుంటున్నాడు. నేనింకా వెనక బెంచీలోనే ఉన్నాను.

జై భీమ్.

(వచ్చే భాగంలో: మన రెండు పేర్ల కథ. బడి పేరు, చర్చి పేరు.)