అడగడమూ ఒక విద్యే

ఉర్దూలో ‘సవాల్’ అంటే ప్రశ్న. ఆ మాటే తెలుగులోనికి వచ్చి ‘సవాలు’ అయి, పోటీకి పిలుచుట అనే అర్థాన్ని సంతరించుకున్నది. అందువల్లనే కాబోలు, ప్రశ్న అడగడమంటే మనలో చాలామందికి జంకు. కంప్యూటర్ భద్రత విషయంలో ఈ జంకు సొమ్ముకే చేటు తెస్తున్నదని మా అభిప్రాయం.

“ఫోను హ్యాకయింది, ఏం చేయాలి?” అని విద్యార్థి మిత్రులు తరచుగా అడుగుతుంటారు. ఇంత మాత్రానికి ఎంతటి నిపుణుడైనా ఏమని జవాబు చెప్పగలడు? మన విడవలూరు ప్రాంతపు రొయ్యల రైతును చూడండి. “రొయ్య చనిపోతున్నది” అని ఊరుకోడు. పిల్ల వదిలి ఎన్ని రోజులైందో, నీటిలో ఉప్పుశాతం ఎంతో, చెక్ ట్రేలో మేత మిగిలిందో లేదో వివరిస్తాడు. అప్పుడే సలహా చెప్పేవారికి దారి దొరుకుతుంది.

ఫోను సంగతీ అంతే. అది ఏ ఫోను, ఏ యాప్, ఏ రోజు ఎన్ని గంటలకు ఏమి జరిగింది, తెరపై ఏమి కనిపించింది, ఆపై మనమేమి చేశాము, ఇప్పుడు కాపాడుకోవలసినది బ్యాంకు ఖాతానా, ఫోటోలనా అన్నది చెప్పాలి. పి.ఎం. కిసాన్ పేరిట వాట్సాప్‌లో వచ్చిన ఏ.పి.కె. ఫైలును తెరిచామన్న ఒక్క మాట దాచడం, పాము కరిచిన సంగతి దాచి వైద్యునితో కడుపునొప్పి అని చెప్పడం వంటిదే.

అయితే అన్నీ చెప్పవలసిందేనా? ఫ్రాన్సులో ఆచార్యుడైన కెర్కాఫ్స్ 1883లో సైనిక రహస్యలిపిని గురించి వ్రాస్తూ, పద్ధతి శత్రువుకు చిక్కినా, తాళపుచెవి చిక్కనంతవరకు రక్షణ నిలవాలన్నాడు. మన ప్రశ్నలకూ అదే హద్దు. పరిస్థితినంతా చెప్పాలి, ఓటీపీ, పిన్, పాస్‌వర్డు మాత్రం అధ్యాపకులకైనా చెప్పరాదు. ఖాతా సంఖ్యను నలుగురిలో ప్రకటించరాదు.

సొమ్మే పోయినప్పుడు తాత్సారం కూడదు. వెంటనే 1930కు ఫోను చేయాలి. అక్కడా ఇటువంటి వివరాలే అడుగుతారు: బ్యాంకు పేరు, లావాదేవీ సంఖ్య, సమయం. సకాలంలో చెప్పగలిగితే, సొమ్ము మరిన్ని చేతులు మారకముందే నిలుపుదల చేయించే అవకాశముంటుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. వారానికొక గంట ఇందుకు కేటాయించండి. తెలుగులోనైనా, ఉర్దూలోనైనా, తమకు తెలిసిన మాటలలో అడిగే వీలు కల్పించండి. విద్యార్థులమైన మేము కూడా మోసపోయి వచ్చినవారిని ఎగతాళి చేసే అలవాటు మానుకోవాలి. ఎగతాళికి భయపడినవాడు అసలు సంగతి దాస్తాడు. అది బయటపడేలోపల ఖాతా ఖాళీ అవుతుంది.