పండక్కొచ్చినప్పుడు కాగితాల పెట్టె తెరవండి

చిరంజీవులైన మా ఊరి పిల్లలకు,

మీలో కొందరు విశాఖలో, కొందరు హైదరాబాదులో, కొందరు చెన్నైలో, కొందరు గల్ఫులో ఉన్నారు. సంక్రాంతికి మన హరిశ్చంద్రపురం స్టేషన్లో రైలు దిగి, నాలుగు రోజులుండి వెళ్లిపోతారు. రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాస్తూ ముసలివాణ్ణయిన నేను మీకు చెప్పదలచింది ఒక్కటే. చట్టం ఇచ్చిన హక్కుల్లో చాలావాటికి గడువుంది. మీరు ఊళ్లో లేరని ఆ గడువు ఆగదు. "మనోళ్లే కదా, ఏటవుద్ది" అనుకున్న ఇళ్లలోనే ఎక్కువ తగాదాలు చూశాను.

ముందు ప్రోనోటు సంగతి. పెళ్లికైనా, ఆస్పత్రికైనా, గల్ఫు ఏజెంటుకు కట్టడానికైనా మన దగ్గర అప్పు పుట్టేది దాని మీదే. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆలోగా బాకీదారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకని ఇచ్చినవాళ్లు తేదీ చూసుకోవాలి, తీసుకున్నవాళ్లు కట్టిన ప్రతిసారీ చెల్లు రాయించాలి. చేతికిచ్చి ఊరుకున్న డబ్బును కోర్టులో రుజువు చెయ్యడం కష్టం. బాకీ తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోండి. "ఎక్కడో పెట్టాను, రేపిస్తాను" అంటే, మొత్తం ముట్టినట్టు రశీదు రాయించుకునే కదలండి.

ఖాళీ నోటు మీద మాత్రం సంతకం పెట్టొద్దు, అన్నయ్య అడిగినా సరే. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం అవతలివాడికి ఇచ్చినట్టేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం అంటుంది. సంతకం నాదేనని ఒప్పుకున్నాక, డబ్బు ముట్టలేదని చూపించే భారం మీ నెత్తినే పడుతుంది.

వడ్డీ గురించి ఇంకో మాట. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1938లో రైతు రుణాల ఉపశమన చట్టం వచ్చింది. కోస్తాలో అది ఇంకా ఉంది. దావా పడ్డాక నేను రైతునని చెప్పి నిరూపించుకుంటే కోర్టు వడ్డీ తగ్గించగలదు. అడగకపోతే ఎవరూ తగ్గించరు.

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారంలో ఉన్న పిల్లలు చెక్కుల గడువు కంఠతా పట్టాలి. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. బౌన్సయిందని బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వెయ్యాలి. "సీజను కానీ, ఇస్తాలే" అన్న మాట నమ్మి ఈ రోజులు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

ఇక భూమి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసింది. అలాంటప్పుడు పరిహారం జాబితా రికార్డును బట్టే రాస్తారు. భూమి ఇంకా తాతగారి పేరునే ఉంటే మనవడు ఏం చూపిస్తాడు? ఇంటిపెద్ద పోయాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని వారసుల పేర్లు ఎక్కించడానికి తాసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. అయితే పాసుపుస్తకంలో పేరు పడ్డంత మాత్రాన భూమి మీ ఒక్కరిదే అయిపోదు, మిగతా వారసుల వాటా అలాగే ఉంటుంది. భూమి కొంటే రిజిస్ట్రేషను తప్పదు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో యాజమాన్యం రాదు.

పొలం కౌలుకిచ్చి వెళ్లినవాళ్లు సాగుదారు హక్కు పత్రం మీద సంతకానికి జంకుతున్నారు. 2019 చట్టం ప్రకారం అది 11 నెలల పత్రం. కౌలురైతుకు పంట రుణం, బీమా, పరిహారం అడిగే వీలిస్తుంది. భూమి మీద హక్కేమీ ఇవ్వదు. మీ సంతకం లేక అతను నష్టపోతే ఆ పాపం మీదే.

ఆడపిల్లల వాటా మాటెత్తితే మన ఇళ్లలో ముఖాలు మారిపోతాయి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు 1985 నుంచే వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది. 2005 కేంద్ర చట్ట సవరణతో పెళ్లయినవాళ్లకూ అది వచ్చింది. సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. "కట్నం ఇచ్చేశాం కదా" అంటే వాటా చెల్లిపోదు. అసలు కట్నం ఇవ్వడమే 1961 నుంచి నేరం. అప్పచెల్లెళ్లు మనస్ఫూర్తిగా వదులుకుంటే రిజిస్టరు దస్తావేజు రాయించండి. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించడం మాత్రం మోసం.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఇంటిపెద్ద వయసులోనే పోతున్న కుటుంబాలున్నాయి. వీలునామా రాయడం అశుభమని దాటవేయకండి. అది తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. బ్యాంకు ఖాతాకు నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, వారసుల వాటా అతనిది కాదు. అమ్మానాన్నలు పిల్లలకు ఆస్తి రాసిచ్చేటప్పుడు, తమను పోషించాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోవాలి. ఆ మాట తప్పితే 2007 వృద్ధుల సంరక్షణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు.

తగాదా వచ్చాక లాయరుకు డబ్బులేవని ఆగిపోకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కి ఫోను చేస్తే దారి చెబుతారు. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు, కాబట్టి ఒప్పుకునే ముందే ఆలోచించుకోండి.

ఈసారి కనుమ నాడు ఒక్క గంట కేటాయించండి. అమ్మానాన్నల్ని, అప్పచెల్లెళ్లని కూర్చోబెట్టుకుని పెట్టెలో ఉన్న ప్రతి నోటు, దస్తావేజు, పాసుపుస్తకం తీసి తేదీలు, పేర్లు పైకి చదవండి. గడువు దగ్గరపడినవి, పేరు మార్చాల్సినవి రాసుకుని, ఆ పనులు మొదలుపెట్టాకే తిరుగు రైలెక్కండి.

ఇట్లు,
మీ ఊరి దస్తావేజు లేఖరి తాత,
హరిశ్చంద్రపురం